కట్ తర్వాత నవ్వు

పోయిన వారం మనం రాధారాణిని ఎండిపోయిన రిజర్వాయరు అడుగున, ప్లైవుడ్డు పిరమిడ్ నీడలో, కళ్ళు ఒత్తుకుంటుండగా వదిలి వచ్చాం. అవి దుఃఖంతో వచ్చిన కన్నీళ్ళు కావు. డాక్టర్ శశికళకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానన్న నిశ్చింతతో వచ్చినవి. పాపం, ఆ నిశ్చింత ఆవిడకి పట్టుమని ఒక్క రోజు కూడా దక్కలేదు.

ఆ సంచిక చదివి ఇస్తామని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇప్పటికీ తిరిగివ్వని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోతాను. ఇది డెబ్భై ఏడో సంవత్సరం ఆగస్టు నెల. కాలిఫోర్నియాలో రెండేళ్ళుగా సరైన వాన లేదు. సన్నీవేల్లో ఇళ్ళ ముందు గడ్డి కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. హోటల్లో నోరు తెరిచి అడిగితే తప్ప మంచినీళ్ళు పెట్టడం లేదు. ఈ కరువు ఒక్క వాలెస్ క్రేన్‌కి మాత్రం కలిసొచ్చింది. ఆయన సబ్బులకీ టైర్లకీ ప్రకటనలు తీసి బతికే మనిషి, జన్మకో సినిమా తియ్యాలన్న కోరిక పెట్టుకున్నాడు. మెక్సికో వైపు ఒకప్పుడు పిరమిడ్లు కట్టిన మాయా జాతివాళ్ళ రాజ్యం కూలిపోతున్న రోజుల మీద ఓ సాహస కథ. శాన్ హోసేకి దక్షిణాన కొండల మధ్య నెర్రెలు విచ్చిన రిజర్వాయరు కనబడగానే అక్కడే నగరం కట్టించేశాడు. ముందు నుంచి చూస్తే పిరమిడ్, వెనక నుంచి చూస్తే పరంజా.

కథ పెద్దదేం కాదు. బావులు ఎండిపోయాయి. మొక్కజొన్న మాడిపోయింది. జనం మూటాముల్లె సర్దుకుని నగరం వదిలి పోతున్నారు. సింహాసనం దక్కించుకోడానికి రాజు ఓ కన్నెపిల్లని పెళ్ళికూతురిలా ముస్తాబు చేయించి వాన దేవుడికి బలి ఇస్తాడు. ఆ పిల్ల కోసం అడవులన్నీ నరుక్కుంటూ వస్తున్న సేనాని రాతి మెట్లు ఎక్కేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

బలికి ముందు చేసే నాట్యం కూర్చడానికి ఆయనకి రాధారాణి దొరికింది. పెళ్ళికి ముందు ఆవిడ మద్రాసు స్టూడియోల్లో గ్రూపు డాన్సరు, ఆ తర్వాత డాన్సు అసిస్టెంటు. ఇప్పుడు సన్నీవేల్లో కారు బయటపెట్టి గరాజులో పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. బలి అయ్యే పిల్లగా క్రేన్ ఏరుకున్నది ఆవిడ శిష్యురాలు జయంతిని. ఆరేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఈ దేశం వచ్చి, ఇక్కడి బళ్ళోనే పెరిగిన పిల్ల.

ఇక్కడే వచ్చింది తిరకాసు. మద్రాసు సినిమాల్లో ఓ ఆనవాయితీ ఉంది. శవం వేషం వేసిన మనిషి షాట్ అయ్యాక అదే వేషంలో, పడుకున్న చోటే కళ్ళు తెరిచి, అదే కెమెరాలోకి చూసి నవ్వాలి. ఎంత కొమ్ములు తిరిగిన హీరో అయినా సరే, నవ్వాల్సిందే. కెమెరా ముందు చచ్చినవాడు కెమెరా ముందే బతకాలని లెక్క. జయంతి తల్లి శశికళ ఈ షరతు మీదే పిల్లని పంపింది. కిందటి శుక్రవారం క్రేన్ కట్ చెప్పాక కూడా కెమెరా ఆపొద్దని రాధారాణి కెమెరామాన్ కాళ్ళావేళ్ళా పడింది. ఆయన ఆపలేదు. జయంతి నవ్వింది. రాధారాణి కళ్ళు ఒత్తుకుంది. అక్కడికి సరి.

మర్నాడు, శనివారం మధ్యాహ్నం, శాన్ హోసేలో అద్దెకి తీసుకున్న ఓ చిన్న హాల్లో రషెస్ వేశారు. రషెస్ అంటే ఆ వారం తీసిన ముక్కల్ని కడిగించి, కూర్పూ పాటా మాటా లేకుండా, ఉన్నవి ఉన్నట్టు తెర మీద చూసుకోవడం. హాల్లో ముగ్గురే ఉన్నారు. ముందు వరసలో క్రేన్, ఆయన పక్కన ఎడిటర్ డోరీన్, వెనకాల రాధారాణి. ఆవిడ తన నాట్యం ఎలా వచ్చిందో చూసుకుందామని వచ్చింది. బాగానే వచ్చింది. కరువు నాట్యం కదా అని అడుగుల్లో హుషారు తగ్గించి, మడమలు ఈడుస్తున్నట్టు కూర్చింది. ఆ నేల, ఆ ఎండ, ఆడుతున్న పిల్లల ఎండిన పెదాలు చూసి, ఇది తను కూర్చిందేనా అనుకుంది.

తర్వాత రాతి పలక మీద జయంతి. చెంపలకి పసుపు రంగు, మెడలో పువ్వులు, మూసిన కళ్ళు. పై నుంచి తీసిన షాట్. తెర నిండా చచ్చిపోయిన మొహమే. రాధారాణి చూపు పక్కకి తిప్పుకుంది. ఎంత వేషమని తెలిసినా మన పిల్ల మొహం మన పిల్ల మొహమే.

మళ్ళీ చూసేసరికి ఆ కళ్ళు తెరుచుకున్నాయి. జయంతి నవ్వింది. అది ఫోటో కోసం నవ్వే నవ్వు కాదు. ఏదో దూరంగా వస్తున్నది కనిపించి, వచ్చేసిందిలే అనుకున్న నవ్వు. ఆ వెనకే తెర అంచున నారింజ రంగు జరీ కొంగొకటి రెపరెపలాడి పోయింది. అది రాధారాణి కొంగే. పిల్లకి చెయ్యి ఊపి సైగ చెయ్యడానికి కెమెరా పక్కకి పరిగెత్తింది కదా, గాలికి ఎగిరింది. మాయా మహారాజు గారి రాజ్యంలో కంచిపట్టు చూసి డోరీన్ పకపకా నవ్వింది.

రాధారాణి కూడా నవ్వింది. ఇక ఆ ముక్క చెత్తబుట్టలో పడుతుందిలే అనుకుంది. మద్రాసులో అయితే ఎడిటర్ దాన్ని చూడనుకూడా చూడడు. కత్తిరించి అవతల పారేస్తాడు, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరైనా చెప్పాలన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. పుట్టి పెరిగిన వీధిలో అందరికీ తెలిసిన సంగతి ప్రపంచమంతటికీ తెలుసనుకోవడం మనవాళ్ళకున్న జబ్బు.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు క్రేన్. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, మన వీలు కోసం తెలుగు చేస్తున్నాను.

మళ్ళీ వేశారు. ఇంకోసారి వెయ్యమన్నాడు. లైట్లు వెలిగాక ఆయన వెనక్కి తిరిగి, పూజ గదిలో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"రాణీ, నా సినిమా దొరికింది."

"ఏది?"

"ఆ నవ్వు. ఆ పిల్ల చచ్చిపోయాక కళ్ళు తెరిచి నవ్వుతుంది. జనం అది చూస్తారు. దేవుడు పుచ్చుకున్నాడో, రాజుని వెక్కిరించాడో ఎవడికీ తెలీదు. మూటలు కిందపడేస్తారు. నా సినిమా అక్కడ ఆగిపోతుంది. పోస్టర్ మీద కూడా అదే."

రాధారాణి లేచి నిలబడింది. 

"అది సినిమాలోది కాదండీ. అది... సినిమా అయిపోయాక తీసింది. పారెయ్యడానికి తీసింది."

"పారెయ్యడానికి ఎవరైనా ఫిల్మ్ తీస్తారా?"

తీస్తారు మహాప్రభో, అని చెప్పాలనుంది. ఎలా చెప్పడం? తనకి తెలిసిన ఇంగ్లీషులో 'దిష్టి'కి మాట లేదు. చావు వేషం విప్పడానికి నవ్విస్తామనీ, ఆ నవ్వుని తీసుకెళ్ళి మళ్ళీ చావులోనే అతికిస్తే ఇక ఆ పిల్లకి ఒడ్డు లేదనీ, తోచిన మాటల్లో చెప్పింది. చెప్తుంటే తనకే అది తెలివితక్కువగా వినిపించింది. కానీ మద్రాసులో తన పక్క గదిలో ఉండే కుముదిని మొహం కళ్ళ ముందు నిలబడింది. కుముదిని కూడా గ్రూపు డాన్సరే. ఓ సినిమాలో శవంగా పడుకుంది. షాట్ అయ్యేసరికి కరెంటు పోయింది, నవ్వు రేపు తీద్దాంలే అన్నారు. ఆ రేపు రాలేదు. నెల తిరక్కుండా మౌంట్ రోడ్డులో బస్సు కింద పడి చనిపోయింది. నవ్వు తీయనందుకే అని ఎవరూ పైకి అనలేదు. అనలేదు గానీ, ఆ తర్వాత ఏ స్టూడియోలోనూ ఎవరూ ఆ షాట్ రేపటికి వాయిదా వెయ్యలేదు.

క్రేన్ చెడ్డవాడు కాదు. మొదటి రోజు దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ కొట్టాలంటే, దొరక్కపోతే పుచ్చకాయతో కానిచ్చి, ముక్కలు తలా ఒకటి పంచిపెట్టిన మంచివాడే. ఇప్పుడు కూడా ఓపిగ్గా విన్నాడు. విని, "నీ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ నవ్వు లేకపోతే నా పిరమిడ్ వట్టి ప్లైవుడ్డు," అన్నాడు.

"చీర కనిపిస్తోంది," అంది డోరీన్. "ఇలా వాడలేం."

రాధారాణికి ప్రాణం లేచొచ్చింది. తన కొంగుకి తనే దండం పెట్టుకోబోయింది.

"వాడలేం," అన్నాడు క్రేన్. "అందుకే సోమవారం మళ్ళీ తీస్తాం."

ఈ సంగతి ఇంట్లో చెప్తే, "చెప్పకుండా ఊరుకుంటే పోలా? డాక్టర్ గారు సినిమా చూసేనాటికి చూసుకోవచ్చు," అన్నాడు భర్త రామమోహన్. ఆయన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, ఏ సమస్యనైనా వచ్చే ఏడాదికి నెట్టగలడు. రాధారాణి వెళ్ళి కారు తాళాలు బల్ల మీద పెట్టుకుంది. తెల్లారాక వెళ్ళి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఇంటి గడప మళ్ళీ ఏ మొహంతో తొక్కాలి?

ఆదివారం పొద్దున శశికళ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వంటింట్లో ఉప్మా కలియబెడుతోంది. క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా పక్కనే ఉంది, ఈ ఊళ్ళో ఇంకా బొంబాయిరవ్వ దొరకదు. భర్త శ్యామ్‌సుందర్ ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్ళాడట. శశికళ పిల్లల డాక్టరు. జ్వరం వచ్చిన పిల్లకి తాయెత్తు కట్టామని ఏ తల్లైనా చెప్తే, తాయెత్తు అలాగే ఉంచమని మందు చీటీ చేతిలో పెట్టి పంపే మనిషి. పెద్దగా నవ్వదు, పెద్దగా తిట్టదు.

"రా రాధా, కూర్చో. ప్లేటు తీసుకో," అంది.

"తర్వాత తింటానండీ. ముందు ఒకటి చెప్పాలి."

నించునే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం. శశికళ స్టవ్ ఆపింది. గరిటె చేతిలోనే ఉంది.

"అంటే ఆ నవ్వు వాళ్ళు సినిమాలో పెడతారు."

"పెడతామంటున్నారు."

"నువ్వు నాకేమని చెప్పావు? ఆ ముక్క ఎవరూ చూడరన్నావు."

"మా మద్రాసులో ఎవరూ..."

"ఇది మద్రాసు కాదు రాధా," అంది శశికళ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే రాధారాణికి కొంచెం తేలిగ్గా ఉండేది. "నేను ఇవన్నీ నమ్మే మనిషిని కాదు. నీకూ తెలుసు. రోజూ ఆస్పత్రిలో ఎన్ని చూస్తాను! ఏ పిల్లకి ఏమైనా దానికి కారణం రక్తంలోనో ఊపిరితిత్తుల్లోనో ఉంటుంది. కెమెరాలో ఉండదు. కానీ ఆ బొట్టూ ఆ పువ్వులూ పెట్టి నా కూతుర్ని బండ మీద పడుకోబెడతారని విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నమ్మడం వేరు. నా పిల్ల విషయంలో నమ్మకుండా ఉండటానికి కూడా ధైర్యం కావాలి. అంత ధైర్యం నాకు లేదు."

రాధారాణికి కళ్ళు నిండాయి. తప్పు నాదేనంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఆ డోరీన్‌కి ముందే చెప్పి ఉంటే సరిపోయేదంది.

"సరే. సోమవారం అది వెళ్ళదు," అంది శశికళ. "నేను పంపను. నువ్వూ వెళ్ళకు. పిల్ల లేకుండా ఏం తీసుకుంటాడో తీసుకోమను."

"నేను వెళ్తాను మామ్."

జయంతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలీదు. జుట్టు తడిగా ఉంది, స్నానం చేసిన నీళ్ళ బకెట్టు చేతిలో ఉంది, మొక్కలకి పోద్దామని. ఆ కరువు రోజుల్లో సన్నీవేల్లో ఇళ్ళన్నిటా ఇదే వరస.

"నువ్వు లోపలికి వెళ్ళు," అంది తల్లి.

"నో. మీరు నా గురించి మాట్లాడుతున్నారు. నేను లేకుండా ఎందుకు మాట్లాడతారు?" బకెట్టు కింద పెట్టింది. "మిస్టర్ క్రేన్ నిన్న కాల్ చేశారు. నేను యెస్ చెప్పేశాను."

"నేను నో చెప్తున్నాను."

"మామ్, జూలైలో నాకు ఎయిటీన్ వచ్చింది. నువ్వే కేక్ తెచ్చావు."

శశికళ ఆపేసిన స్టవ్ మీది ఉప్మాని మళ్ళీ కలియబెట్టింది. మన ఇళ్ళల్లో పిల్ల ఎన్నేళ్ళదైనా తల్లి వద్దంటే వద్దే. ఈ దేశంలో ఓ తేదీ దాటాక ఆ మాట చెల్లదని ఆవిడకి తెలియక కాదు. తన కూతురే తన మొహాన అనగా వినడం ఇదే మొదటిసారి.

రాధారాణి మధ్యలోకి వచ్చింది. "జయంతీ, కోపం వద్దమ్మా. నువ్వు చాలా బాగా చేశావు. ఆ బలి సీను ఎంత బాగా చేశావో నిన్న చూశాను. ఆ నవ్వు మాత్రం వేరు. అది యాక్షన్ కాదు, మన జాగ్రత్త కోసం నవ్వించింది. దాన్ని సినిమాలో పెట్టకూడదు. అంతే."

జయంతి మొహం ఎర్రబడింది.

"ఆంటీ, దటీజ్ నాట్ ఫెయిర్. మీరందరూ ఆ నవ్వు మీది అంటున్నారు. మీ జాగ్రత్త, అమ్మ భయం. అది నాది! నేను యాక్ట్ చేశాను!"

"అదేమిటే? నేను చెయ్యి ఊపితేనే కదా..."

"మీ చెయ్యి నేను చూడలేదు ఆంటీ. ఎండ సూటిగా కళ్ళల్లో పడుతోంది. నాకు లెన్స్ కూడా సరిగ్గా కనిపించలేదు."

"మరి కట్ అన్నాక..."

"కట్ నాకు వినిపించలేదు."

ఊపి చూపిద్దామని ఎత్తిన చెయ్యి రాధారాణి దించేసింది.

జయంతి ఇప్పుడు మెల్లగా, ఒక్కో మాటే కూర్చుకుంటూ చెప్పింది. సగం తెలుగూ సగం ఇంగ్లీషూ. దుమ్ము లేపడానికి పిరమిడ్ పక్కన పెద్ద ఫ్యాను పెట్టారు కదా, ఆ హోరు తప్ప ఇంకేం వినపడలేదట. షాట్ ఇంకా నడుస్తోందనే అనుకుందట. బండ వేడిగా ఉంది. అక్కడ అలా పడుకుని, నిజంగా ఆ కాలంలో అలాంటి పిల్ల ఒకతె ఉండి ఉంటే ఏమనుకుని ఉంటుందా అని ఆలోచించిందట. ఊరంతా చుట్టూ నిలబడింది. అమ్మా నాన్నా కూడా ఆ గుంపులోనే ఉన్నారు. ఎవరూ ఆపలేదు. ఇక తనని ఎవరూ ఏమీ చెయ్యలేరు, అయిపోయింది.

"అప్పుడు ఆ అమ్మాయి నవ్వుతుంది అనిపించింది. నవ్వాను. స్క్రిప్ట్‌లో లేదు. ఎవరూ చెప్పలేదు. తర్వాత మీ చీర కనిపించింది, అప్పుడు తెలిసింది షాట్ అయిపోయిందని." జయంతి కళ్ళు తుడుచుకుంది. "నా లైఫ్‌లో నేను సొంతంగా చేసింది అదొక్కటే. మిస్టర్ క్రేన్‌కి చెప్పాను. ఆయనకి అర్థమైంది. మీకే అర్థం కావట్లేదు."

రాధారాణి కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద చూసినదంతా మళ్ళీ కళ్ళ ముందు తిరిగింది. నిజమే. ముందు నవ్వు. ఆ తర్వాత కొంగు. ఆ వరస మూడు సార్లు కళ్ళారా చూసి కూడా తనకి తట్టలేదు. పిల్ల మీద ఒక పక్క గర్వంగా ఉంది. తను ఇన్నేళ్ళు నేర్పిన అభినయం ఎక్కడో లోపల వేరు పట్టింది. ఇంకో పక్క కుముదిని గుర్తొస్తోంది.

శశికళ ఆవిడ మొహమే చూస్తోంది. డాక్టరు కదా, ఎదుటి మనిషి మొహంలో జబ్బు పేరు చదవడం అలవాటు.

"రాధా. ఇది చెప్పేదేమిటంటే... అది లేచి నవ్వలేదు. పోయిన మనిషిగానే నవ్వింది. అంతేనా?"

రాధారాణి తలూపింది.

"అయితే నువ్వు తీయించానన్న నవ్వు..."

"తీయలేదండీ. ఇంకా తీయలేదు."

శశికళ గరిటె గట్టు మీద పెట్టి గబగబా హాల్లోకి వెళ్ళింది. తీసిన ఫోటో అక్కడికక్కడే బయటికొచ్చే పోలరాయిడ్ కెమెరాతో తిరిగొచ్చింది. "ఇక్కడ నిలబడు. నవ్వు," అంది కూతురితో. మీట ఎక్కడుందో రెండుసార్లు తడుముకుంది. ఎంత చిన్న పసికందుకైనా తడబడకుండా సూది గుచ్చే చేతులవి. జయంతి భయపడి తల్లి వంక చూసింది. నవ్వు సంగతి దేవుడెరుగు, పెదవి కూడా విచ్చలేదు.

"అలా కుదరదండీ," అంది రాధారాణి. ఆ మాట అనడం ఆవిడకి ఎంత కష్టమైందో నేను చెప్పలేను. "అదే వేషం ఉండాలి. అదే చోటు. అదే కెమెరా."

పోలరాయిడ్ బల్ల మీద పెట్టేసి శశికళ కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికేం లేదు, ఎండిన గడ్డి తప్ప. ఇటు తిరిగేసరికి మొహం మారిపోయింది. ఏదో ఒక మందు ఇచ్చి తీరాలని నిశ్చయించుకున్న డాక్టరు మొహం.

"రేపు దాన్ని నేనే తీసుకొస్తాను," అంది.

"మామ్?" అంది జయంతి.

"నీ సీను నువ్వు చేసుకో. నీ ఇష్టం వచ్చినట్టు చచ్చిపో, నీ ఇష్టం వచ్చినట్టు నవ్వు. నేను అడ్డం రాను. ఆ నవ్వు నీదే, నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఆయన కట్ చెప్పాక, అది నీ చెవిన పడ్డాక, నా కోసం ఒక్కసారి కళ్ళు తెరిచి నవ్వు. అది యాక్షన్ కాదు. అది మీ అమ్మకి. నవ్వుతావా?"

జయంతి తల్లి దగ్గరికి వచ్చి భుజం మీద తల పెట్టింది. "నవ్వుతాను మామ్. ప్రామిస్." ఇన్నాళ్ళకి ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. రాధారాణికి కడుపు నిండినట్టయింది. ఈసారి డోరీన్‌కి ఆ ముక్క ఎక్కడ కత్తిరించాలో దగ్గరుండి చెప్పి, కళ్ళ ముందే బుట్టలో వేయించాలనుకుంది. చల్లారిన ఉప్మా ప్లేట్లో పెట్టుకుంది కూడా.

"ఫోన్ చేసి చెప్పేస్తాను. ముందే అడగడం మంచిది. ఈసారి మనం అనుకోవడాలు లేవు," అంది శశికళ. నిజమే, ఆవిడ తెలివైనది. గోడ మీది ఫోన్ తీసి, పెద్ద డాక్టర్లతో మాట్లాడే ఇంగ్లీషు తీసి మాట్లాడింది. పొద్దున్నే తీసుకొస్తానంది. తనకి ఏ అభ్యంతరమూ లేదంది. అవతల క్రేన్ గొంతులో సంతోషం ఇవతల రాధారాణికి కూడా వినిపించింది. ఆ తర్వాత శశికళ, తన జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, బతిమాలింది. మీరు కట్ చెప్పాక కొంచెం ఫిల్మ్ తిప్పండి, కొన్ని అడుగుల ఫిల్మ్ చాలు, ఓ తల్లి కోసం, అంది.

అవతల క్రేన్ ఏదో చెప్తున్నాడు. ఉత్సాహంగా, ఆగకుండా చెప్తున్నాడు. శశికళ ఊఁ అంటోంది. కాసేపటికి ఆ ఊఁ కూడా ఆగిపోయింది. ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ, వేలి కొస తెల్లబడేదాకా చుట్టుకుంది. థాంక్యూ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడండీ?" అంది రాధారాణి. ప్లేటు పక్కన పెట్టేసింది.

శశికళ కూతురి వంక చూసింది, తిట్టడానికి కాదు.

"నువ్వు ఆయనకి చెప్పావు కదే, కట్ వినపడలేదు కాబట్టే ఆ నవ్వు వచ్చిందని. ఆయనకి చాలా నచ్చిందట."

"అవును మామ్. సో?"

శశికళ రాధారాణి వైపు తిరిగింది. 

"రేపు కట్ అనే మాట ఎవరూ అనకూడదని ఆర్డరట రాధా. ఆయన దగ్గర మిగిలింది ఒక్క డబ్బా ఫిల్మేనట, కెమెరాలో అది మొత్తం అయిపోయేదాకా నా పిల్ల ఆ బండ మీద అలా చచ్చే ఉండాలట. తర్వాత నవ్వడానికి ఒక్క అడుగు ఫిల్మ్ కూడా మిగలదట."